రోడ్డు దాటని ప్రార్థన

మా అత్త జీవితంలో ఒకే ఒక్క అబద్ధం చెప్పిందంటే నేను ఒప్పుకోను. పెళ్ళయిన కొత్తలో నా చేతి పప్పు బ్రహ్మాండంగా ఉందని చుట్టాలందరికీ చెప్పుకుంది, అదొకటి. నాకు ఇంగ్లీషు బాగా వచ్చని పాస్టరుగారితో అంది, అదింకొకటి. కానీ ఆమెను నెలల తరబడి సరిగ్గా నిద్రపోనివ్వకుండా పీడించిన అబద్ధం మాత్రం ఒకటే. "ఈ పొద్దు మాకు ఉపవాసం" అన్నది. టీ గ్లాసు చేతిలో పట్టుకుని మరీ అంది మహాతల్లి.

మాది హిందూపురంలో ఒక ఇరుకు వీధి. ఆటో ఒకటి వచ్చిందంటే ఎదురొచ్చే బైకువాడు మా గడప ఎక్కాల్సిందే. ముందు గదిలో కిటికీ పక్కన నా కుట్టుమిషను ఉంటుంది. జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్స్ వేస్తాను, మధ్యమధ్యలో వీధిలో ఎవరు వచ్చారో ఎవరు పోయారో చూస్తాను. మా ఆయన దీన్ని సీసీ కెమెరా అంటాడు. అననీ, కరెంటు పోయినా పనిచేసే కెమెరా ఇంకెక్కడైనా ఉందా!

మా సంఘం చిన్నది. రేకుల మందిరం, ఎడమ పక్క మగవాళ్ళు, కుడి పక్క ఆడవాళ్ళు, కింద చాపలు. ఆడవాళ్ళ సమాజానికి మా అత్తే పెద్ద. పాస్టరుగారు ప్రసంగం పొడిగిస్తే ఆమె ఒకసారి దగ్గుతుంది, ఆయన ముగిస్తాడు. ఆమెకు ఉన్న పలుకుబడి అలాంటిది. సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే మాత్రం మందిరమంతా ఏడవాల్సిందే. సోమందేపల్లి దగ్గర పల్లెలో తన మామ టీ తాగాలంటే హోటలు బయట చూరులో వేరే గ్లాసు పెట్టేవాళ్ళనీ, తాగి తనే కడిగి అక్కడే బోర్లించి రావాల్సి వచ్చేదనీ చెబుతుంది. ఎన్నిసార్లు చెప్పినా ఆ గ్లాసు దగ్గరికి వచ్చేసరికి ఆమె కొంగు కళ్ళకు అద్దుకుంటుంది. నాకూ కళ్ళు నిండుతాయి, దాచుకోను.

గురువారం సాయంత్రాలు ఇంటి కూడిక జరుగుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక "ఈ వారం ఎవరింట్లో?" అని పాస్టరుగారు అడుగుతారు. ఎవరో ఒకరు చెయ్యి ఎత్తుతారు. ఎత్తిన చేతిని కాదనడం మా సంఘంలో లేదు. ఆ ఇంటివాళ్ళు చాపలు పరిచి, టీతో పాటు తినడానికి ఏదో ఒకటి చేస్తారు. వాక్యం ఏం చెప్పారో శుక్రవారానికి మర్చిపోతాం గానీ, ఎవరింట్లో వడ గట్టిగా ఉందో ఏడాదైనా మర్చిపోం. ఇంకో సంగతి కూడా ఉంది. కూడిక జరిగే ఇంటి ముందు ఎన్ని జతల చెప్పులు ఉన్నాయో వీధి చూస్తుంది. చెప్పులు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాయంటే ఆ ఇంటికి గౌరవం. పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళు కూడా గురువారమే వస్తే బాగుంటుందని మా అత్త సలహా.

మా ఇంటికి ఎదురుగా, రోడ్డుకు అటు పక్కన ఒంటి గది ఇల్లు ఒకటి ఉంది. అందులోకి ఆమె అద్దెకు దిగింది. ఆమడగూరు పక్క ఒక పల్లెలో మగపిల్లాడిగా పుట్టి, ఆడమనిషిగా బతుకుతున్న మనిషి. ఇంట్లోవాళ్ళు వెళ్ళగొడితే కొన్నేళ్ళు రైళ్ళలో చప్పట్లు కొట్టి అడిగింది. అది విసుగు పుట్టి మానేసి, చింతపండు మండీ నుంచి సరుకు తెచ్చుకుని ఇంట్లోనే గింజలు తీసి ఇస్తోంది. బాగా పొడుగు. గొంతు మా పాస్టరుగారి గొంతుకంటే లావు. వీధి ఆమెకు పెట్టిన పేర్లు నేను ఇక్కడ రాయను, రాస్తే నా నోరు కడుక్కోవాల్సి వస్తుంది.

మొదటిసారి జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినప్పుడు కొలత తీయబోయి నా చెయ్యి ఆగింది. ఆమె చూడనే చూసింది. "టేపు ఆ కొన నేను పట్టుకుంటాలే అక్కా, నువ్వు రాసుకో" అంది. నాకు సిగ్గేసింది. సిగ్గుకు తోడు నవ్వూ వచ్చింది, ఆమే ముందు నవ్వింది కాబట్టి. ఆ తర్వాత చింతపండు చేట పట్టుకుని వచ్చి మా కిటికీ కింద అరుగు మీద కూర్చునేది. ఆమె గింజలు తీస్తూ, నేను హుక్కులు కుడుతూ లోకమంతా చుట్టివచ్చేవాళ్ళం. సినిమా హీరోల విగ్గుల గురించి ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఒక రోజు అడిగింది. "మీ ఇంట్లో కూడిక పెట్టినప్పుడు మీ పాటలు నా గదిలోకి వినబడతాయక్కా. ఊరికే వినేదానికంటే వచ్చి పాడితే మేలు గదా. రానిస్తారా?"

"దేవుని మందిరానికి రానీకపోవడం ఏంది, రా" అన్నాను గొప్పగా.

వచ్చింది. ఆదివారం మందిరం గుమ్మం దగ్గర నిలబడి ఎడమ పక్క చూసింది, కుడి పక్క చూసింది. ఎటు కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. చివరికి ఆడవాళ్ళ పక్క ఆఖరి చాప మీద కూర్చుంది. అంతే, ఆ వరుసవాళ్ళు ముందుకు జరిగారు, వాళ్ళ ముందువాళ్ళు ఇంకా ముందుకు జరిగారు. ఎప్పుడూ వెనక గోడకు ఆనుకుని కునికే వాళ్ళు కూడా వచ్చి ముందు కూర్చునేసరికి పాస్టరుగారు మురిసిపోయి, సంఘంలో ఆత్మీయ ఉజ్జీవం కనబడుతోందని ప్రార్థనలో దేవునికి కృతజ్ఞత చెప్పారు.

ఆమె మానలేదు. వారం వారం వచ్చింది. పాట ఎత్తుకుంటే రేకులు అదిరేవి. మగవాళ్ళ పక్క నుంచి తిరిగి చూసేవాళ్ళు, ఆడవాళ్ళు కొంగు సర్దుకునేవాళ్ళు. ఆమెను పొమ్మన్నవాళ్ళు లేరు. ఆమె పక్కన కూర్చున్నవాళ్ళూ లేరు. నేను కూడా అత్త పక్కనే కూర్చునేదాన్ని, అలవాటైన చోటు కదా అని నాకు నేను చెప్పుకుంటూ.

ఇలా ఉండగా ఆమె ఇంటి యజమానికి వీధివాళ్ళు చెవిలో ఊదడం మొదలుపెట్టారు. ఆయనకు వీధి చివర కిరాణా అంగడి ఉంది. పిరికివాడే గానీ చెడ్డవాడు కాదు. ఆమెను పిలిచి ఒక మాట చెప్పాడు. ఆ మాట ఆమె మా కిటికీ దగ్గరికి వచ్చి నాకు చెప్పింది.

"నీ ఇంటికి సంసారులు ఎవురన్నా వస్తారా అని అడిగినాడక్కా. ఆడోళ్ళు, పిల్లోళ్ళు వచ్చిపోయే ఇల్లయితే వీధికి నేను జవాబు చెప్పుకుంటా, లేకుంటే నెలాఖరుకు ఖాళీ చెయ్యి అన్నాడు. కూడిక నా ఇంట్లో పెట్టుకుంటే? నా గడప ముందర చెప్పులు చూస్తే ఆయప్ప నోరు మూసుకుంటాడు. ఇల్లు నిలబడతాది నాకు."

"చెయ్యి ఎత్తు" అన్నాను.

ఆదివారం ఎత్తింది. ఆమె చెయ్యి పొడుగు కూడానాయె, కనబడలేదని తప్పించుకోవడానికి లేదు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాస్టరుగారు గొంతు సవరించుకుని "మంచిది, ప్రభువు దీవించును గాక" అన్నారు.

ఆ మధ్యాహ్నమే ఆడవాళ్ళంతా మా ఇంట్లో చేరారు. ఒక్కరైనా పోవద్దని అనలేదు, అది చెప్పుకోవాలి. "పోవల్ల గదమ్మా, పోకుంటే ఎట్ల? కానీ చిన్న గది, పట్టము" అంది ఒకామె. "పిల్లోళ్ళు ఏమన్నా అడిగితే ఏం చెప్పేది?" అంది ఇంకొకామె. "మా ఆయప్ప పంపడు, నాకైతే పోవల్లనే ఉండాది" అంది మూడో ఆమె. పాస్టరమ్మగారు అందరికీ తల ఊపారు. చివరికి అందరూ మా అత్త వైపు తిరిగారు.

అత్త కాసేపు కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచి తీర్పు చెప్పింది. "కూడిక మన ఇంట్లో పెడదాం. ఎదురిల్లే గదా. ఆ యమ్మ ఇంటి కోసమే ప్రార్థన చేద్దాం. దేవునికి రోడ్డు అడ్డమా?"

ఎంత భక్తిగా వినిపించిందో ఆ మాట! అందరూ స్తోత్రం అన్నారు. అందరి మొహాలూ తేటపడ్డాయి. ఆ మాట ఆమెకు ఎవరు చెప్పాలన్నది మాత్రం ఎవరూ మాట్లాడలేదు. ఎదురిల్లు కాబట్టి నేను చెబుతానని వాళ్ళు అనుకున్నారు. పాస్టరమ్మగారు చెబుతారని నేను అనుకున్నాను. నిజానికి అలా అనుకున్నట్టు నటించాను. ఆ మూడు రోజులూ కిటికీ తలుపు ఒకటి వేసి, దుమ్ము వస్తోందని ఇంట్లో చెప్పాను.

గురువారం వచ్చింది. మా గడప ముందు చెప్పులు రోడ్డు మీదికి వచ్చేశాయి. తెరిచి ఉన్న కిటికీ తలుపులోంచి ఎదురిల్లు కనబడుతూనే ఉంది. ఆమె ఇంటి ముందు కల్లాపి చల్లి, కొత్త చాపలు పరిచి, పెద్ద బల్బు పెట్టింది. నేను కుట్టిన ఆకుపచ్చ జాకెట్టు వేసుకుని గడపలో నిలబడి వీధి చివరికి చూస్తోంది. మేం ఇటు పక్క పాటలు ఎత్తుకున్నాం. ఆమె తల మా ఇంటి వైపు తిరిగింది. నేను పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

పాటలు అయ్యాక అత్త అందరినీ లేచి నిలబడమంది. "ఆ యమ్మ ఇంటి పక్కకు చేతులు చాపండి" అంది. నలభై చేతులో ఎన్నో లేచాయి, గోడకు అటు ఉన్న ఇంటి వైపు. ఒక ముసలాయన పొరపాటున వంటింటి వైపు చాపితే ఆయన కోడలు పట్టుకుని తిప్పింది. "ప్రభువా, ఆ గృహాన్ని దర్శించు" అని అత్త గట్టిగా ప్రార్థన చేసింది. దేవుణ్ణి వెళ్ళమంటోంది, తను మాత్రం కదలదు! అప్పుడు ఇలా అనుకోలేదు లెండి. అప్పుడు నేనూ చెయ్యి చాపే ఉన్నాను.

టీలు పంచుతుంటే ఎదురింటి నుంచి ఆమె వచ్చింది. రెండు చేతులా పెద్ద గిన్నె. దాని మీద అరిటాకు కప్పి ఉంది. పోపు వాసన గదంతా నిండింది.

"కూడిక ఈడ పెట్టినారా? నాకు చెప్పింటే ఈడికే తెచ్చింటి గదా పెద్దమ్మా" అంది. గొంతులో కోపం లేదు. తనే ఏదో సరిగ్గా వినుకోలేదేమో అన్నట్టు అడిగింది. "బొరుగుల ఉగ్గాని చేసినా. ఎక్కువే చేసినా. ఆకులు ఉండాయా అక్కా?"

నేను లేవబోయాను. అప్పుడే అత్త నోట్లోంచి వచ్చింది ఆ మాట. "ఈ పొద్దు మాకు ఉపవాసమమ్మా."

ఆమె అత్త చేతిలోని టీ గ్లాసు చూసింది. పక్కామె చేతిలోని బిస్కెట్టు చూసింది. ఆ పక్కామె గబుక్కున బిస్కెట్టు నోట్లో వేసుకుంది, దాచేద్దామని. ఇంకెప్పుడైనా అయితే నేను పొట్ట పట్టుకుని నవ్వి ఉండేదాన్ని.

"సరే పెద్దమ్మా" అని గిన్నె పట్టుకుని రోడ్డు దాటి వెళ్ళిపోయింది. వీధి చివర అంగడాయన బయటికి వచ్చి నిలబడి చూస్తున్నాడు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ అయింది. సామాను ఆటోలో పెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. "ధర్మవరం పోతాండా అక్కా. ఆడ చీరలకు కుచ్చులు కట్టే పని ఉండాదంట" అంది. ఆగు అని అనలేకపోయాను. అన్నా, ఎక్కడ ఆగమని అనాలి?

ఇక మా అత్త కథ. నెల మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల. దానికి రొట్టె చేసేది అత్తే. శనివారం తలంటుకుని, ఎవరినీ వంటింట్లోకి రానివ్వకుండా, పాట పాడుకుంటూ కాలుస్తుంది. బల్లకు ముందు పాస్టరుగారు ఎప్పుడూ చెప్పే మాట చెప్పారు, ఎవరి మనసైనా నొప్పించి ఉంటే ముందు పోయి సమాధానపడి రండని. పళ్ళెం వరుసలో వచ్చింది. అత్త ముక్క తీసుకోకుండా పళ్ళెం నాకు అందించింది. మందిరమంతా చూసింది.

"గ్యాసు పట్టిందా అత్తా?" అన్నాను దారిలో.

"నోరు మూసుకోని నడువు."

రెండో నెలా అంతే. తను చేసిన రొట్టె తను ముట్టలేదు. సంఘంలో గుసగుసలు బయల్దేరాయి. కోడలితో తగాదా అని తేల్చారు! నాకు ఒళ్ళు మండిపోయింది. మూడో నెల శనివారం పిండి కలుపుతూ కలుపుతూ ఆగిపోయి నన్ను పిలిచింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఉపవాసమని అబద్ధమాడిన నోటితో రొట్టె ఎట్ల తినేది మే? ఆ యమ్మ చేసుకోనొచ్చిన తిండి ముట్టకుండా పంపిస్తి. నా మామకు బయట గ్లాసు పెట్టినోళ్ళను ఇన్నేండ్లు మందిరంలో నిలబడి తిడితి గదా. ఇప్పుడు నేనే పెట్టినా మే గ్లాసు." పిండి చేతులతోనే మొహం తుడుచుకుంది. "యాడుందో కనుక్కో పో."

నా పుట్టిల్లు ధర్మవరమే. మా వదినకు ఫోను చేస్తే గంటలో చెప్పింది. అంత పొడుగు మనిషి, అంత లావు గొంతు, కుచ్చులు కట్టేవాళ్ళలో ఒక్కతే ఉందట. చెయ్యి మాత్రం బాగా సన్నపనిదని, ముడి కనబడకుండా కడుతుందని మెచ్చుకుంది కూడా.

అత్త, నేను, పాస్టరమ్మగారు ప్యాసింజరు ఎక్కాం. అత్త సంచిలో పండ్లు, బిస్కెట్లు, ఒక కొత్త చీర. "ధర్మవరానికి చీర తీసకపోతాండావా అత్తా?" అంటే "మొక్కుబడి చీర కాదు మే, మనసు చీర" అంది. మనసు చీర అనే రకం నేను ఇంతవరకూ కుట్టలేదు. రైలు ఎక్కినప్పటి నుంచీ ఆమె గొణుగుతూనే ఉంది, క్షమాపణ ఎలా అడగాలో బట్టీ పడుతోంది. పాస్టరమ్మగారు మధ్యలో దిద్దుతున్నారు.

పెనుకొండలో బండి క్రాసింగుకు నిలబడిపోయింది. కొండ ఎండలో ఎర్రగా మెరుస్తోంది. అప్పుడు చప్పట్లు వినిపించాయి. చప్పట్లు కొడుతూ పెట్టెలోకి ఇద్దరు ఎక్కారు. ఒకామె ముందుకు పోయింది, ఇంకో చిన్నది మా దగ్గరికి వచ్చింది. జనం జేబులు తడుముకుంటూ కిటికీల్లోంచి చూడసాగారు. మా అత్త మాత్రం జరిగి చోటిచ్చింది. "కూచ్చోమ్మా" అంది.

ఆ పిల్ల అనుమానంగా చూసింది. "యాడికి పోతాండావవ్వా?"

"ధర్మవరం. మీ మాదిరి ఆమెనే ఒకామెను క్షమాపణ అడిగేదానికి."

ఆ పిల్ల పెట్టె అదిరేలా నవ్వింది. "మమ్మల్నా? క్షమాపణా? ఒసే, ఇట్రాయే, ఈ అవ్వను చూడు!" అని స్నేహితురాల్ని కేకేసింది. తర్వాత అత్త ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది. "యాదీ, నన్ను అడుగు. నేనే ఆ యమ్మ అనుకో."

అత్త నిజంగానే చేతులు జోడించింది. "అమ్మా, ఆ పొద్దు మా సంఘంలో పిల్లోళ్ళు ఉండారు, వీధిలో ఏమనుకుంటారో అని..."

"ఊహూ. పిల్లోళ్ళను ఎందుకు లాగుతావు? వాళ్ళా చేసింది?"

"నాకు మనసులో ప్రేమే ఉండె గానీ..."

"గానీ ఏంది? ప్రేముంటే నేనెందుకు పోయినా?"

అత్త జోడించిన చేతులు ఒళ్ళోకి దించింది. "నేను అబద్ధం చెప్పినా. నీ ఇల్లు పోగొట్టినా" అంది. ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. మేం దారిలో తినడానికి కొన్న వేరుశనక్కాయలు ఒక గుప్పెడు తీసుకుంది. "ఇది బాగుండాది. ఇంతే చెప్పు" అని లేచి పోయింది. పాస్టరమ్మగారు ధర్మవరం దాకా మళ్ళీ దిద్దలేదు.

ధర్మవరంలో ఆ వీధంతా మగ్గాల చప్పుడు. ఒక మగ్గం ఇంటి పక్క వాటాలో ఉందామె. వాకిట్లో చీర కొంగు ఒళ్ళో పరుచుకుని కుచ్చులు ముడేస్తోంది. మమ్మల్ని చూసి వేళ్ళు ఆగాయి. "రాండి రాండి" అని చాప వేసింది, నీళ్ళు తెచ్చింది. మగ్గమాయన భార్య తలుపులోంచి తొంగిచూసి, "చుట్టాలా పాపా? టీ పెట్టేదా?" అని అడిగింది. పాపా అని పిలిచింది! మేం పక్కన కూర్చోవడానికి జంకిన మనిషిని.

అత్త నీళ్ళు తాగలేదు. నిలబడే చెప్పింది. రైల్లో చెప్పినంతే చెప్పింది, ఇంకో ముక్క కలపలేదు. "నేను అబద్ధం చెప్పినా. నీ ఇల్లు పోగొట్టినా. నన్ను క్షమించు." నేను కూడా చెప్పాను, కూడిక మా ఇంటికి మారిందని తెలిసీ నీకు చెప్పలేదని. పాస్టరమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు.

ఆమె కళ్ళూ నిండాయి. "సరే పెద్దమ్మా. క్షమించినా. కూచ్చోండి" అంది.

అత్త కూలబడి ఊపిరి పీల్చుకుంది. సంచిలోంచి పండ్లు, చీర తీసింది. పాస్టరమ్మగారు తేరుకుని, "అయితే ఇక్కడే ఒక చిన్న కూడిక పెట్టుకుందామా, నీ ఇంట్లోనే?" అన్నారు.

ఆమె దారం పక్కన పెట్టింది.

"వద్దమ్మగారూ. ఈడ నాకు మనుషులు వస్తాండారు, పోతాండారు. ఈడ ఎవురికీ జవాబు చెప్పేది లేదు. ఒగ మాట అంటా, కోపం చేసుకోవద్దు పెద్దమ్మా. ఈ ఊర్లో మిమ్మల్ని ఎరిగినోళ్ళు ఎవురుండారు? ఈడికి వచ్చేది సులభమే. ఆ పొద్దు మనిద్దరి గడపల మధ్యన ఒగ రోడ్డు. అది దాటలేక ఇంత దూరం రైలెక్కి వచ్చినారు." ఒళ్ళోని చీర కొంగు మడిచి పక్కన పెట్టింది. "నా మీద ప్రేముంటే ఆ వీధికి పిలుచుకోని పోండి. అందురూ చూస్తాండంగా మీ ఇంటికి పిలవండి. నేనొస్తా."

నాకు ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. ఎంత నిజం! అత్త మొహం తెల్లబోయింది. టీ వచ్చింది, చల్లారింది. వీధిలో తనకున్న పరువంతా ఆ కాసేపట్లో తూకం వేసుకుందేమో, నాకు తెలియదు.

"ఈ గురువారం వస్తావా?" అని అడిగింది చివరికి.

ఆదివారం అత్త మందిరంలో సాక్ష్యానికి లేచింది. ఈసారి మామ గ్లాసు గురించి చెప్పలేదు. తన అబద్ధం గురించి చెప్పింది. మందిరం ఏడ్చింది. పాస్టరుగారు మోకాళ్ళ మీద పడి, ఈ పాపం సంఘం అందరిదీ అన్నారు. "గురువారం మా ఇంట్లో కూడిక. ఆ యమ్మ వస్తాది. ఎవురెవురు వస్తారు?" అని అత్త అడిగితే చేతులన్నీ లేచాయి. నా కళ్ళారా చూశాను. మా ఆయన రెండు చేతులూ ఎత్తాడు.

గురువారం అత్త తనే స్టేషనుకు పోయింది. ఆటో వీధి మొదట్లోనే దించేయమంది. అక్కడి నుంచి ఆమె చెయ్యి పట్టుకుని నడిపించుకుని వచ్చింది. ఆమె పక్కన అత్త చంక దాకా కూడా రాదు. వీధిలో ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. మా అత్త నేరుగా కిరాణా అంగడి ముందు ఆగింది. నేను కిటికీ వదిలేసి రోడ్డు మీదికి పరుగెత్తాను, ఇలాంటిది కిటికీలోంచి చూస్తే సరిపోదు.

"ఏమప్పా, చూడు. మా ఇంటికి పిలుచుకోని పోతాండా."

ఆయన నెత్తి గోక్కున్నాడు. "నాదేముంది పెద్దమ్మా, వీధిలో అంటాంటే..."

"వీధంటే నేనే గదప్పా. నేను ఆ పొద్దు ఈమె ఇంటికి పోయింటే నువ్వు ఖాళీ చేయించింటావా? తప్పు నాది. అబద్ధం చెప్పింది నేను." ఎంత గట్టిగా చెప్పిందంటే, మేడ మీద బట్టలు ఆరేస్తున్నామె కూడా ఆగి వింది. నాకు మా అత్తంటే ఆ రోజు కలిగినంత గర్వం ఎప్పుడూ కలగలేదు. ఆమెకు చెబితే మురిసిపోతుందని ఇంతవరకూ చెప్పలేదు.

చాపలు పరిచాం. పాస్టరుగారు, పాస్టరమ్మగారు వచ్చారు. వంటింటి వైపు చెయ్యి చాపిన ముసలాయన వచ్చాడు, కోడలు లేకుండా. ఇంకెవరూ రాలేదు. ఒకామె ఫోను చేసి చుట్టాలొచ్చారంది. ఒకామె పిల్లాడికి జ్వరమంది, ఆ పిల్లాడు అప్పుడే మా గడప ముందు నుంచి సైకిలు తొక్కుకుంటూ పోయాడు. పొద్దు గుంకింది. వీధి దీపాలు వెలిగాయి.

అత్త గడపలో నిలబడి వీధి చివరికే చూస్తోంది. ఎవరైనా మలుపు తిరిగితే మెడ చాపుతుంది, వాళ్ళు వేరేవాళ్ళయి పోతారు. లోపలికి రమ్మంటే నా మాట వినిపించుకోలేదు. ఆమె లోపలి నుంచి లేచి వెళ్ళి అత్త భుజం మీద చెయ్యి వేసింది.

"ఎంతసేపు నిలబడుకుంటావు పెద్దమ్మా? కాళ్ళు నొస్తాయి. లోపలికి రా."

అత్త ఆమె వైపు తిరిగింది. "ఆ పొద్దు నువ్వు ఎంతసేపు నిలబడుకోనుంటివి?"

ఆమె రోడ్డుకు అటు ఉన్న తన పాత గది వైపు ఒకసారి చూసింది.

"మీ పాటలు అయిపోయేదంకా" అంది.

అత్త ఆమె నడుము పట్టుకుని ఏడ్చింది, వీధి అంతా చూస్తుండగానే. తర్వాత ఇద్దరూ లోపలికి వచ్చి పక్కపక్కన కూర్చున్నారు. పాస్టరుగారు పాటల పుస్తకం తెరిచి పట్టుకున్నారు గానీ, చాలాసేపటి దాకా మాలో ఎవరికీ పాట ఎత్తుకునే ధైర్యం రాలేదు.